ఆరడుగుల మీద ఒక అంగుళం

"ఈ గోడ పన్నెండు అడుగులని మీకెవరు చెప్పారు?"

ఎమెట్ ఉద్యోగంలో చేరి రెండు గంటలైనా కాలేదు. అప్పుడే మారిట్ ఎర్ర పెన్ను పట్టుకుని అతని నెత్తిన నిలబడింది. అమెరికాలో డులూత్ ఊరి కొండవాలులో, కిటికీలోంచి సరస్సు కనిపించే ఆ చిన్న ఆఫీసులో ఎవరు ఏ ఇంటి ప్లాను గీసినా, ఆమె కళ్ల ముందు నుంచి పోకుండా బయటికి పోదు.

"అక్కడే రాసుందిగా, పన్నెండని," అన్నాడు ఎమెట్.

"రాసింది మీరు. గీత పదకొండడుగుల పదంగుళాలే ఉంది. గీత సాగదీయడానికి బద్ధకించి, అంకె మీద ఇంకో అంకె కొట్టేశారు."

కంప్యూటర్‌లో గీతను ముట్టుకుంటే దాని అసలు కొలత అదే చెబుతుంది. ఆ కొలతను తుడిచేసి మనకు నచ్చిన అంకె వేసుకునే వీలు కూడా పెట్టారు పుణ్యాత్ములు. దాన్ని ఓవర్‌రైడ్ అంటారు. మారిట్ మాత్రం పాపం అంటుంది.

"రెండంగుళాలేగా!"

"మీ అంకె చూసి వడ్రంగి అలమర చేసుకొస్తాడు. మిగిలిన రెండంగుళాలు గోడలోకి దూరుతాయా?"

"మీరు మనుషులతో కూడా ఇలాగే మాట్లాడతారా?"

"మనుషులు గీతలంత నిజం చెప్పరు," అని కాగితం అతని ఒళ్లో పడేసి వెళ్లిపోయింది.

వెళ్తూ వెళ్తూ ఫైళ్ల గది గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచింది. ఎమెట్ మెడ ఎత్తి చూస్తూ ఉండిపోయాడు. అతను ఐదడుగుల ఆరంగుళాలు. మెడ ఎత్తక తప్పదు.

ఆ తర్వాత ఆరు నెలల్లో ఎమెట్ ఒక్క అంకె కూడా తారుమారు చెయ్యలేదు. మారిట్ ఎర్ర పెన్నుకు పని తగ్గింది. తగ్గినందుకు ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు. అతని టేబుల్ దగ్గరికి వెళ్లడానికి సాకు ఏం చెప్పుకోవాలి? చివరికి ఒకరోజు ఇంట్లో కాల్చిన 'రూబార్బ్ పై' అనే పుల్లతీపి రొట్టె ముక్క పట్టుకుని వెళ్లింది. ఇంకోరోజు వానలో ఒకే గొడుగు కింద బస్సుదాకా నడిచారు. గొడుగు ఆమె పట్టుకుంది. అతను పట్టుకుంటే ఆమె ముక్కు దగ్గర ఆగిపోతుంది మరి. ఆ వానలోనే మీరు కాస్తా నువ్వైంది.

"ఇంతకీ నీ ఎత్తెంత?" అన్నాడు ఎమెట్ తడుస్తూ.

"ఆరడుగులు. సరిగ్గా."

అక్టోబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఆమె తనిఖీ చెయ్యాల్సిన ఫైళ్లలో ఒక కొత్త ఇల్లు కనిపించింది. గీసింది ఎమెట్. సరస్సు ఒడ్డున రెండు గదుల ఇల్లు. యజమాని పేరు రాయాల్సిన గడి ఖాళీ. ఎర్ర గుర్తు. మెట్లకు పట్టుకునే కమ్మీ లేదు. ఎర్ర గుర్తు. వంటగట్టు ఎత్తు ముప్పై తొమ్మిది అంగుళాలు. లోకమంతా ముప్పై ఆరు కడుతుంటే ఇదేమిటి, మళ్లీ పాత బుద్ధేనా అని గీతను ముట్టుకుని చూసింది. గీత నిజంగానే ముప్పై తొమ్మిది ఉంది.

ఇలాంటి బొమ్మల్లో గోడలొక పొర, కరెంటు తీగలొక పొర, సామానొక పొర. అక్కర్లేని పొరను ఆర్పేస్తే కనపడదు. అందుకే మారిట్ అన్నీ వెలిగించి మరీ చూస్తుంది. ఆఖరి పొర వెలిగించగానే పొయ్యి ముందు ఒక ఆడమనిషి బొమ్మ ప్రత్యక్షమైంది. ఎత్తు అంచనాకు ఆఫీసులో వాడే మనిషి బొమ్మ ఐదడుగుల నాలుగంగుళాలది. దీన్నెవరో పెంచారు. మారిట్ కొలిచింది.

ఆరడుగుల ఒక అంగుళం.

గుండె జారి సాక్సుల్లో పడింది. అంటే ఎవరో ఉన్నారన్నమాట. తనకంటే ఒక అంగుళం ఎక్కువే ఉన్న మహాతల్లి.

"వెర్నా, మన ఊళ్లో ఆరడుగుల ఒక అంగుళం పిల్ల ఎవరైనా తెలుసా?" అని అడిగింది.

ఆఫీసు యజమానురాలు వెర్నా కళ్లద్దాల పైనుంచి ఆమెను కిందినుంచి మీదిదాకా చూసింది. "తెలుసు," అని తన కాఫీ తాను తాగింది.

మారిట్ ఇక ఆగలేక ప్లాను ప్రింటు తీసి, కాగితం తీసుకెళ్లి ఎమెట్ ముందు పరిచింది.

"పంతొమ్మిది తప్పులు. వంటగట్టు ముప్పై ఆరుండాలి."

"ముప్పై ఆరైతే ఆమెకు నడుం పట్టేస్తుంది."

"ఎవరామె?" అని, వెంటనే, "నాకెందుకులే. నాకంటే ఒక అంగుళం పొడుగు, అంతే కదా! బాగుంటుంది జంట. నిచ్చెన కూడా గీసుకో," అంది.

"నీకంటే పొడుగేం కాదు."

"నేను ఆరడుగులు."

"ఎవరు చెప్పారు?"

"నా డ్రైవింగ్ లైసెన్సు మీద ఎత్తు రాసుంది!"

"రాయించింది నువ్వు," అన్నాడు ఎమెట్ మెల్లగా. "ఆ ఫైళ్ల గది గుమ్మం ఆరడుగుల ఎనిమిది. నీ నెత్తికీ దానికీ మధ్య ఏడంగుళాలు ఖాళీ. తగలకపోయినా ఎందుకు తల వంచుతావో మాత్రం లెక్కకు అందలేదు."

మారిట్ ముఖం ఎర్ర పెన్ను రంగుకు తిరిగింది.

"పదహారేళ్లప్పుడు," అంది, "స్కూలు డాన్సుకు ఒక్కడూ పిలవలేదు. ఆ ఒక్క అంగుళం తీసేస్తే పిలుస్తారేమోనని తీసేశాను. మళ్లీ పెట్టలేదు."

"నాకు ఆ అంగుళం కూడా కావాలి."

బయట వాన. లోపల వెర్నా కాఫీ తాగుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఈ మాట చెప్పడానికి ఇల్లు గీసి తనిఖీకి పెట్టాలా?"

"నువ్వు శ్రద్ధగా చదివేది అవేగా! ఉత్తరం రాస్తే తప్పులు దిద్ది పంపేదానివి. అయినా ఏం లాభం, పంతొమ్మిది పెట్టావు." ఎమెట్ గడియారం చూశాడు. "సరస్సు ఒడ్డున ఆ స్థలం కావాలో వద్దో అమ్మేవాళ్లకు నాలుగింటికల్లా చెప్పాలి. ఒక్కడికైతే నాకక్కర్లేదు. ఏం చెప్పమంటావు?"

మూడు నలభై.

"లే," అంది మారిట్. "కుర్చీ ఇటివ్వు."

కూర్చుంది. పొయ్యి వైపు గట్టు ముట్టుకోలేదు. సింకు వైపు గట్టును మాత్రం పట్టుకుని కిందికి, ముప్పై నాలుగు దాకా దించింది. అంకె కాదు, గీతనే.

"అదేంటి, సింకు దగ్గర అంత తగ్గించావు?"

"నీ ఎత్తుకు."

"గిన్నెలు నేను కడగాలా!"

"వండేది నేనని గీసేటప్పుడు నన్నడిగావా?"

"అడగలేదు," అని ఒప్పుకున్నాడు ఎమెట్.

"అయితే ఇంకేం, ఫోన్ చెయ్యి. నాలుగింటికి మూసేస్తారు."

ఎమెట్ ఫోను తీశాడు. నంబరు రెండుసార్లు తప్పు కొట్టాడు. మారిట్ రెండుసార్లూ చూసింది. దిద్దలేదు.