పొదువాళ్ సార్ పడవ

"ఆ పేరు బయటికొచ్చిందంటే, అవతల మనవాడు శవమే," అన్నాడు చీఫ్.

పొదువాళ్ సార్ ఒకప్పుడు గూఢచారి శాఖలో సింహం. శత్రుదేశంలో ఆయన నాటిన మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ పేరు ఏ ఫైలులోనూ లేదు, ఆయన బుర్రలో తప్ప. ఆ బుర్రని ఇప్పుడు డిమెన్షియా చెదలా తినేస్తోంది. పైగా ఆలప్పుళ మెమరీ క్లినిక్‌లో ఆయన పలవరించే మాటలన్నీ శత్రువుల వైర్‌లెస్‌లో వినబడుతున్నాయి!

"ఆయన్ని వేరే చోటికి మారిస్తే?" అన్నాడు ఏజెంట్ దేవస్సి.

"ఉన్న కాస్త మతీ పోతుందంటోంది డాక్టరమ్మ. పాము ఆ టీమ్‌లోనే ఉంది. పట్టుకో. పెద్దాయన మాత్రం బెదరకూడదు."

మర్నాటికి దేవస్సి కొత్త ఫిజియోథెరపిస్టు. చేతిలో రబ్బరు బంతి, నడుముకి పిస్తోలు.

ఆ క్లినిక్ పద్ధతే వేరు. పొద్దున్నే డాక్టరు నుంచి వంటమనిషి దాకా ఒకే బల్ల చుట్టూ కూర్చుని, రోగి గురించి ఎవరేం గమనించారో చెప్పుకుంటారు. రోగికి ఎవరూ ఎదురు చెప్పరు. ఏం చెప్పినా అందరూ కలిసి ఒప్పుకున్న మాటే చెప్పాలి. పొదువాళ్ సార్ రోజూ "పడవ వచ్చిందా?" అని అడుగుతారు. "వస్తోంది సార్, టీ తాగండి," అంటారు అందరూ.

"నీళ్లు, పడవ అంటే చాలు, చెవి మిషను తీసి నా చేతిలో పెట్టేస్తారు, తడుస్తుందని," అంది ఆ పొద్దున బల్ల దగ్గర సిస్టర్ త్రేస్యమ్మ. "ఇంకోటి. నిన్న సార్ రోష్ణి గదిలోంచి వస్తూ 'చీఫ్ పిలిచారు' అన్నారు. ఎవరైనా చీఫ్ వేషం కట్టాలని మనం ఎప్పుడు ఒప్పుకున్నాం?"

"పెద్దాయన కదా చేచ్చీ, ఏదో అంటారు!" నవ్వింది వినికిడి నిపుణురాలు రోష్ణి తరకన్. అబ్బ, ఏం నవ్వు! జరీ అంచు చీర, జడలో మల్లెలు. "కొత్త చేట్టా, మీ చేతులు భలే గట్టివే!"

"బంతులు పిసికీ పిసికీ," అన్నాడు దేవస్సి. అంతలోనే అతనికి తట్టింది. పెద్దాయన చెవి మిషను అమర్చింది ఈవిడే. అది ట్రాన్స్‌మిటర్!

తలెత్తేసరికి రోష్ణి కుర్చీ ఖాళీ. పెద్దాయన గదికి పరిగెత్తాడు.

"పొదువాళ్! నేను చీఫ్‌ని. అవతల మనవాడి పేరు చెప్పు. ఇది ఆర్డర్." తలుపు వెనక నుంచి రోష్ణి గొంతు.

"యస్ చీఫ్. అతని పేరు..."

కాల్చి లాభం లేదు. ఆ మిషను చెవిలో ఉన్నంతసేపూ ప్రతి మాటా సరిహద్దు దాటుతుంది. దేవస్సి తలుపు తోశాడు.

"పడవ వచ్చింది సార్!"

పెద్దాయన మొహం వెలిగిపోయింది. చెవి మిషను తీసి, తడవకుండా దాచమని చాచారు. దేవస్సి దాన్ని అందుకుని వేడి టీ గ్లాసులో పడేశాడు. చుయ్యిమంది.

రోష్ణి చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ఆ చేతిని వెనకనుంచి మెలిపెట్టి పట్టుకుంది, దేవస్సి వెంటే వచ్చిన త్రేస్యమ్మ. "నా పేషెంటు ముందు గొడవ చేస్తే ఊరుకోనమ్మాయ్!"

పెద్దాయన ఇవేవీ చూడలేదు. దేవస్సి చొక్కా పట్టుకున్నారు.

"మనవాడు దిగాడా?"

మాట వినబడదు కాబట్టి దేవస్సి తలూపాడు.

"అన్నం తిన్నాడా?"

మళ్లీ తలూపాడు. పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. ఇన్నాళ్లూ ఆయన ఎదురుచూసింది ఆ మనిషి కోసమే. దేవస్సికీ ఏడుపు ఆగలేదు.

మర్నాడు బల్ల దగ్గర డాక్టరమ్మ చెడామడా తిట్టింది.

"పాముని పట్టావు, సంతోషం. కానీ మమ్మల్ని అడక్కుండా జవాబు మార్చేస్తావా? తెల్లారకముందు నుంచీ సార్ రేవులో కూర్చున్నారు, మనవాణ్ణి చూపించమని!"

"ఇప్పుడేం చెయ్యను డాక్టర్?"

"ఇవాళ్టి నుంచి అందరిదీ ఒకటే మాట. ఆ మనవాడివి నువ్వే. వెళ్లు. తిన్నానంటే నమ్మరు, దగ్గర కూర్చుని తినిపిస్తారు."

అప్పుడే టిఫిన్‌కి పుట్టు, కడల కూర దండిగా లాగించి వచ్చిన దేవస్సి, బెల్టు ఒక బెజ్జం వదులు చేసుకుని రేవు వైపు నడిచాడు.