మడ్డి చెప్పిన సాక్ష్యం

“మూత మీద చెయ్యి తియ్యకండి సార్! ఊపిరి కూడా మెల్లగా!”

డ్రైవర్ యూనిఫాంలో ఉన్న మహబూబ్ సుభాని గొంతుకు కోల్మన్ చెయ్యి కొయ్యబారిపోయింది. ఓపెనర్ అప్పటికే సీసా మూత కిందికి దూరింది. మూత వెంట్రుకవాసి పైకి లేచింది.

సౌదీలోని యాన్బు సముద్రపు ఒడ్డున విదేశీ ఇంజనీర్లుండే కాంపౌండ్ అది. రిఫైనరీ సేఫ్టీ సిస్టమ్ మొత్తం ముసలి ఇంజనీర్ కోల్మన్ బుర్రలో ఉంది. ఆ బుర్రను లేపేయడానికి ఒక విదేశీ ముఠా దిగింది. దాన్ని కాపాడమని ఢిల్లీ సుభానిని డ్రైవర్ వేషంలో పంపింది. చుక్క మందు దొరికినా జైలే అయిన ఈ దేశంలో, ఇందాకే గుమ్మం ముందు ఆరు సీసాల డబ్బా కనిపించింది. కోల్మన్ పుట్టిన ఊళ్లో, సముద్రపు ఒడ్డున చిన్న బ్రూవరీ కాచే పాతకాలపు ఏల్ బీరు. సొంతూరి లేబుల్ చూడగానే ముసలాయన ఒళ్లు మరిచిపోయాడు.

“ఉప్పుగాలి మొదలైంది” అని సుభానికి కోడ్ వర్డ్ పంపింది తరన్నుమ్. అంటే బాంబు లోపలికి వచ్చేసిందని. కాంపౌండ్‌లో ఈవెంట్ మేనేజర్. ఇటు ఢిల్లీకీ అటు ముఠాకీ పనిచేసే మనిషి. ఆమె మాట నమ్మితే ఒక తంటా, నమ్మకపోతే రెండు.

సుభాని టార్చ్ వేశాడు. ఒకప్పుడు మారువేషంలో లండన్ పబ్ సెల్లార్‌లో రెండేళ్లు పనిచేశాడు. నమాజు తప్పని మనిషి, చుక్క నోట పెట్టలేదు గానీ ఈ ఏల్ సంగతి క్షుణ్ణంగా తెలుసు. దీన్ని వడకట్టరు. ఈస్ట్ సీసాలోనే ఉండి, కల్లులో మడ్డిలా అడుగుకు చేరుతుంది.

కోల్మన్ చేతిలోని సీసాలో మడ్డి లేదు.

“ఇది ఏల్ కాదు సార్, బాంబు. మూత ఊడితే పేలుతుంది.”

సుభాని జేబులోంచి కీచైన్ తీశాడు. మీట నొక్కితే స్టీలు బిగింపుగా మారే గాడ్జెట్. మూత చుట్టూ తొడిగి బిగించాడు. టక్! మూత మళ్లీ కూర్చుంది. కోల్మన్ కుర్చీలో కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని సెక్యూరిటీ ఇన్‌చార్జ్ ఆఫ్తాబ్ వచ్చాడు. చేతిలో ఏసీ మెకానిక్ సదానందం కాలర్.

“దొరికిండు దొంగ! రాబిగ్ టౌన్ నుంచి ఇప్పుడే దిగిండు. పికప్‌లకెల్లి డబ్బా దించి ఈ గుమ్మంల పెట్టిండు. నా కళ్లతోని చూసిన!”

సదానందం చేతులు జోడించాడు. “పోచమ్మ తల్లి మీద ఒట్టు సాబ్! నేను ఏసీ గ్యాస్ తెచ్చిన. గీ సీసలు నాయి కావు!”

“గేటు కాడ షుర్తా ఉన్నరు. పోలీసులకే చెప్పుకో.”

బాంబు కేసంటే ఇక్కడ తల పోవడమే. సుభాని అడ్డు నిలిచాడు. “ఒక్క నిమిషం ఆగు భాయ్.”

“డ్రైవర్‌వి డ్రైవర్ లెక్కుండు మియా!”

సుభాని మిగిలిన ఐదు సీసాల వెనక టార్చ్ పెట్టాడు. తేనెరంగు ఏల్ అద్దంలా మెరిసింది. ఐదింటి అడుగునా మడ్డి కదలకుండా కూర్చుంది. ఒక సీసా అందుకుని ఒక్క ఊపు ఊపాడు. క్షణంలో వానాకాలం వాగు నీళ్లయింది.

“చూడు భాయ్. ఇది తేరుకోవాలంటే రేపటిదాకా పడుతుంది. రాబిగ్ నుంచి డొక్కు పికప్‌లో ఎగిరెగిరిపడి ఇప్పుడే దిగిన సీసాల్లో మడ్డి ఇంత బుద్ధిగా కూచుంటుందా? ఇవి పికప్ ఎక్కనే లేదు. నిన్నటి నుంచి యాడో పక్కనే నిలబడి ఉండి, నాలుగడుగులు మెల్లగా మోసుకొచ్చినవి.”

ఆఫ్తాబ్ చెయ్యి నడుం దగ్గరికి జారింది. అంతకంటే ముందే సుభాని పిస్టల్ అతని ఛాతీకి గురిపెట్టి ఉంది. సదానందం కాలర్ వదులైంది.

గుమ్మంలో అత్తరు వాసన. నల్ల అబాయాలో తరన్నుమ్. ఎవరు గెలుస్తారో తేలాకే లోపలికి అడుగుపెట్టే అలవాటు ఆమెది.

“నిన్న రాత్రి డబ్బా ఎవరి గదిలో ఉంది తరన్నుమ్? గేటు దగ్గర షుర్తా అడిగేది నిన్నే” అన్నాడు సుభాని.

తరన్నుమ్ పిస్టల్ వైపు చూసింది. సీసాల వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎప్పుడూ రెండు మాటలాడే ఆ మనిషి, మొదటిసారి ఒక్క మాటతో సరిపెట్టింది.

“ఆఫ్తాబ్.”