నాలుగు రోజులు ఆగి ఉంటే

మా మరిది పెంచలప్రసాద్ మీద నాకు పెద్ద ఫిర్యాదే ఉంది. ప్రేమ చెడిన మగవాళ్లు గడ్డం పెంచుకుంటారు, అన్నం మానేస్తారు. ఇంట్లో వంట తగ్గుతుంది. వీడు మాత్రం సెలవు పెట్టి ఆత్మకూరు వచ్చి, మూడు పూటలా తిని, నిమ్మ ఉప్పు పోసి నా గీజరు కడిగాడు. తర్వాత కుక్కరు. తర్వాత మూడు బిందెలు.

"ఇంకేమైనా ఉండాదా వదినా, సున్నం పట్టింది?"

"నీ మొహం ఉండాది. అసలు సంగతి చెప్పు."

చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

వాడు సముద్రంలో చమురు బావుల దగ్గర ఇంజనీరు. చమురు పైకి రావాలంటే పక్క బావిలోంచి సముద్రపు నీళ్లు పంపి నెట్టాలట. భూమి అడుగున ముందే వేరే ఉప్పునీళ్లు ఉంటాయి. ఈ రెండూ కలిస్తే రాయి పుడుతుంది, బావి పూడిపోతుంది. అది పుట్టకుండా నీళ్లలో కొద్దికొద్దిగా మందు కలుపుతూనే ఉండాలి. ఎంత కలపాలో లెక్కగట్టేది ల్యాబులో దివ్యశ్రీ. మన ఉదయగిరి పిల్ల.

మొదటి రోజే కొట్లాట. వీడు వానలో తడుస్తూ నీళ్ల శాంపిల్ పట్టుకెళితే, ఆ అమ్మాయి మూత లేని సీసాను చూసిందట.

"వాన నీళ్లు కూడా కలిపి తెచ్చినారా? ఇంత చింతపండు వేసుంటే చారయ్యేది."

"మీది నెల్లూరా?"

"ఉదయగిరి. పోయి ఇంకోటి తీసుకురండి."

మూడుసార్లు తిరిగాడు. మూడోసారికి వాన వెలిసింది, వీడి పని అయిపోయింది. నెల తిరిగేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

మొన్న ఏప్రిల్‌లో మందు డ్రమ్ములు నాలుగు రోజులు ఆలస్యమయ్యాయి. అవి వచ్చేదాకా నీళ్లు ఆపమని దివ్యశ్రీ రాసిచ్చింది. వీడు ఆపలేదు.

"రాయి పడితే ఆసిడ్ పోసి కడుగుదాంలే అనుకున్నా వదినా. మనూళ్లో బిందెకు పట్టిన సున్నం చింతపండుకే పోతాది గదా."

"పోలేదా?"

"అది సున్నం కాదు, బేరియం రాయి. ఏ ఆసిడ్‌కూ కరగదు. తను ముందే చెప్పింది."

బావి మూసుకుపోయింది. ల్యాబు లెక్కే తప్పు అని రిపోర్టు రాశారు. దివ్యశ్రీ ఉద్యోగం పోయింది.

"రిపోర్టు కింద సంతకం ఎవరిదిరా?"

వాడు కుక్కరు మూత తీసుకుని మళ్లీ తోమడం మొదలుపెట్టాడు.

ఆదివారం నేనే వాణ్ని ఉదయగిరి బస్సెక్కించి, వెంట వెళ్లాను. బస్టాండులో కిలో మైసూర్‌పాక్ కొన్నాడు. ఒక మనిషి బతుకు చెడగొట్టినందుకు కిలో చాలదని అనబోయి ఊరుకున్నాను.

మేం వాళ్ల వరండా ఎక్కగానే వాన మొదలైంది. దివ్యశ్రీ తండ్రి నారాయణయ్య కుర్చీలు వేశాడు. ఆ అమ్మాయి గడప దగ్గరే నిలబడింది.

"బాగుండారా?" అంది వీడితో. నువ్వు పోయి, మళ్లీ మీరు.

వీడికి తొందర. "దివ్యా, పెళ్లి చేసుకుందాం. మాట్లాడేదానికి వదినను తీసుకొచ్చినాను."

"ఐదు కంపెనీలకు అప్లై చేసినాను. ఐదుగురూ ఆ రిపోర్టు గురించే అడిగినారు. సంతకం ఎందుకు పెట్టినారు?"

"ఇద్దరి ఉద్యోగాలూ పోతే ఎట్టా? పెళ్లయినాక నువ్వెట్టా మానేస్తావు గదా అనుకున్నా."

డిగ్రీ ఫస్టుక్లాసులో ప్యాసై పదిహేనేళ్లుగా కుక్కరు విజిళ్లు లెక్కపెడుతున్న నా వైపు ఎవరూ చూడలేదు. చూసినా బాగుండేది.

"మానేస్తానని నేను చెప్పినానా?"

"లేదు."

నారాయణయ్య గొంతు సవరించుకున్నాడు. "అబ్బయ్యా, మా బిడ్డ మూడు నెల్లుగా గేటు దాటలేదు. 'నా లెక్క కరెక్టే నాయనా' అని ఏడిస్తే, అంత పెద్ద కంపెనీ అబద్ధం రాస్తాదా అన్నాను నేను."

"దివ్యా, నువ్వంటే నాకు..."

"ప్రేమ. తెలుసు. దాన్ని పెట్టుకుని నేనేం చేసుకోవాల?" అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది. "మూడింటికి బస్సుండాది. వాన తగ్గినాక పోండి."

లోపలికి తిరిగింది. వీడు లేచి మెట్ల దాకా వెళ్లి, ఆగి, ఫోన్ తీశాడు. స్పీకర్ ఆన్ చేసి మళ్లీ వరండాలోకి వచ్చాడు.

"ఏంటి ప్రసాద్, ఆదివారం పూట?" అవతల వీడి మేనేజరు.

"సార్, ఏప్రిల్ రిపోర్టు అబద్ధం. మందు లేకుండా నాలుగు రోజులు నీళ్లు పంపింది నేను. ఆపమని దివ్యశ్రీ రాసిచ్చిన కాగితం నా దగ్గరే ఉండాది."

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? నీ ఉద్యోగం పోతుంది. ఆ బావి ఎలాగూ తిరిగి రాదు."

"తెలుసు సార్."

దివ్యశ్రీ గడప మీదే ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. తిరుగుతుందన్న ఆశ నాకు లేదు, వాడి మొహంలోనూ కనిపించలేదు.

"వాన చప్పుడు ప్రసాద్, సరిగ్గా వినపడట్లేదు. ఇంతకీ ఇప్పుడు ఏమంటావ్?"

వాడు ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, ఎదురింటి వాళ్లు తలుపు తీసి చూసేంత గట్టిగా అరిచాడు.

"ఆమె లెక్క కరెక్టు సార్! తప్పు నాది!"