అన్‌బేరబుల్ బేబీ

మూడో పీరియడ్ మొదలయ్యేసరికి హిమజ చేతిలో ఉన్న సరుకు ఇంతే: సైకిలు మీంచి పడి కట్టు కట్టించుకున్న కుడి చెయ్యి, పక్క సీట్లో బేబీ, ఆ బేబీ నోట రోజంతా వినబడే "ఒసేయ్". లోటు లేని బతుకే.

చెయ్యి విరిగిన దగ్గర్నుంచి ఇద్దరి పుస్తకాల సంచులూ బేబీయే మోస్తోంది. కూలి అడగలేదు.

రేవతి టీచర్ బోర్డు మీద కొత్త మాట రాశారు. "బేర్ అంటే మోయడం. అన్‌బేరబుల్ అంటే మోయలేనిది, భరించలేనిది. ఏదీ, వాక్యాలు చెప్పండి."

"ఎండండీ!"

"దోమలండీ!"

"మా తమ్ముడండీ!" అన్నాడు నాగబాబు. అందరూ నవ్వారు.

హిమజకు అంతకన్నా పెద్ద నవ్వు కావాలనిపించింది. బేబీ వాళ్లమ్మ రాజోలు మార్కెట్లో ఎండు రొయ్యలు అమ్ముతుంది. ఆ వాసన బేబీ సంచికి పట్టి ఉంటుంది.

హిమజ లేచింది. "బేబీస్ స్మెల్ ఈజ్ అన్‌బేరబుల్, టీచర్!"

నవ్వు వచ్చింది. కోరినదానికన్నా ఎక్కువే వచ్చింది.

టీచర్ నవ్వలేదు. "ఇంగ్లీషులో తప్పు లేదు. కూర్చో," అన్నారు.

అమ్మేసిన సరుకు, అనేసిన మాట మళ్లీ మన కొట్లోకి రావు. భోజనాల వేళకి బడంతా "అన్‌బేరబుల్ బేబీ" అని పాట కట్టింది. "ఆపండ్రా!" అని హిమజ అరిచింది. ఎవరాగుతారు? పాట అందించింది తనే.

సాయంత్రం కూడా బేబీ రెండు సంచులూ మోసింది. హిమజ సంచిని మాత్రం ఒంటికి ఆనకుండా, చెయ్యి చాపి దూరంగా పట్టుకుంది. హిమజ వాళ్ల గుమ్మం దగ్గర దింపింది.

"వాసన అంటకుండా తెచ్చేనండీ. చూసుకోండి."

"అండీ ఏంటే? నన్నా?"

"ఆయ్. మిమ్మల్నేనండీ."

మర్నాడు హిమజ తన సంచి ఎడమ భుజాన తనే తగిలించుకుని వచ్చింది. బేబీ ఆఖరి బెంచీకి మారిపోయింది. హిమజ అటే నడిచింది.

బెంచీల మధ్య నాగబాబు పాట అందుకున్నాడు. "అన్‌బేరబుల్..."

"ఆ మాట నాదిరా. పాడితే నా పేరు పెట్టి పాడు."

"అన్‌బేరబుల్ హిమజ!" వాడు పాడేశాడు. క్లాసంతా నవ్వింది. హిమజ ఆ నవ్వంతా మోసుకుంటూ వెళ్లి బేబీ పక్కన కూర్చుంది.

బేబీ కొంచెం జరిగింది. హిమజ చేతి కట్టు వైపు చూసింది.

"నీ చెయ్యి నెప్పెడుతుందా అండీ?" అంది చివరికి.

"అండీ" పోలేదు. "ఒసేయ్" రాలేదు. "మీ" ఉండాల్సిన చోట "నీ" వచ్చింది. హిమజకు గిట్టిన లాభం ఆ ఒక్క అక్షరమే.