చూశాను, కొలిచాను

క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ బుధవారం ఉదయం ఎనిమిదింపావుకి చనిపోయాడు. ఆయన చావు మీద యాక్సిడెంట్ రిపోర్టు మాత్రం ఏడూ యాభైకే టైపయింది.

అంత ముందుచూపున్న ఆ కంపెనీ ఆస్పత్రుల ఆక్సిజన్ సిలిండర్లకి వాల్వులు తయారుచేస్తుంది. ప్రెషర్ టెస్ట్ గదిలో ఆయన ఒక్కడే ఉండగా బయట గడియ పడింది. లోపల గొట్టం పేలింది. రిపోర్టులో 'కారణం' అన్న చోట 'సిబ్బంది నిర్లక్ష్యం' అని నీటుగా రాసి ఉంది.

గురువారం పొద్దున్నే గూఢచారి శాఖ ఆఫీసులో పెద్దాయన ఆ కాగితాన్ని ఏజెంట్ తూకం ముందుకి తోశాడు. శాఖకి అధిపతి కాబట్టి ఆయన పెద్దాయన. ఏ మాటా తూచకుండా మాట్లాడడు కాబట్టి ఇతను తూకం.

"టైం చూడు."

"ఏడూ యాభై."

"కంప్లయన్స్, అదే, రూల్స్ పాటించడం అంటే ఇలా ఉండాలి. మనిషి పోకముందే ఫారం నింపేశారు."

తూకం నవ్వలేదు. పోయినవాడు అతని సొంత అక్క మొగుడు.

"నిజానికి ఈ కేసు నీకివ్వకూడదు," అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. "కానీ మీ బావ రాత చదవాలంటే నువ్వే ఉండాలి. విను. ఇది విదేశీ ముఠా పని. నాసిరకం వాల్వులు ఆస్పత్రుల్లో పేలితే ఇక్కడి సరుకు ఎవడూ ముట్టడు. వాళ్ళ సరుకు కొనక ఛస్తామా? అందుకని బోర్డులోనే తమ మనిషిని కూర్చోబెట్టారు. ఇండిపెండెంట్ డైరెక్టర్. ఎప్పుడూ తెల్ల గ్లవ్స్ వేసుకుంటాడు."

"కంపెనీ తప్పుదారి పట్టకుండా చూసేది ఇండిపెండెంట్ డైరెక్టరే కదా సార్?"

"అదే మరి. దొంగ చేతికే తాళాలిచ్చారు. రేపు పదకొండుకి బోర్డు మీటింగ్. నలభై ఒకటో బ్యాచ్, ఆరువందల నలభై వాల్వులు. రిలీజ్ తీర్మానం పాసయితే పన్నెండుకి లారీ గేటు దాటుతుంది. దాటకూడదు."

"ఆ బ్యాచ్ పాస్ చేసింది ఎవరు?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రిజిస్టర్లో మీ బావ సంతకమే ఉంది."

అంటే వాల్వు పేలి రోగి పోతే, హంతకుడు బావ అవుతాడు.

"లోపల కంపెనీ సెక్రటరీ మన మనిషి. ముఠా కూడా ఆవిడ తమ మనిషే అనుకుంటోంది. ఎవరి మనిషో దేవుడికే తెలియాలి. కోడ్ మాట 'మినిట్స్ సిద్ధమా?' జవాబు 'అచ్చుతప్పులు దిద్దుతున్నాను.' వెళ్ళు."

అతను ముందు అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ వంటింట్లో చల్లారిన స్టవ్ ముందు నిలబడి ఉంది.

"పడుకోబోయే ముందు గ్యాస్ కట్టేశారా అని అడిగితే, 'చూశాను' అనేవారురా మీ బావ. అంటే కట్టలేదని అర్థం! కట్టేస్తే 'కట్టేశాను' అనేవారు. అబద్ధం చెప్పడం చేతకాదు మహానుభావుడికి. సగం నిజం చెప్పి తప్పించుకునేవారు." నవ్వబోయి ఏడ్చేసింది. "నెల రోజులుగా పాప బడి ముందు ఒక నల్ల కారు ఆగుతోందట. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. పాపే చెప్పింది."

తూకం మేకుకి వేలాడుతున్న బావ చొక్కా జేబు తడిమి, అందులో దొరికిన ల్యాబ్ చలాన్ తన జేబులో పెట్టుకున్నాడు.

"ఆయన్ని తెచ్చివ్వలేవు. ఆయన పేరన్నా పాడవనివ్వకురా."

"పాడవనివ్వనక్కా," అన్నాడు. అన్నాక గానీ తూచకుండా మాటిచ్చానని తెలియలేదు.

శుక్రవారం పదిన్నరకి, బట్టతల విగ్గుతో, ఫ్రేములో కెమెరా ఉన్న సోడాబుడ్డి కళ్ళద్దాలతో ఎక్స్‌టర్నల్ ఆడిటర్ వేషంలో తూకం ఫ్యాక్టరీ రికార్డు గదిలో కూర్చున్నాడు. గోడ నిండా సర్టిఫికెట్లు. కిటికీ అవతల లారీలోకి అట్టపెట్టెలు ఎక్కుతున్నాయి.

హైహీల్స్ చప్పుడు ముందు వచ్చింది, సెంటు వాసన తర్వాత వచ్చింది, ఎర్ర కోటులో సెక్రటరీ చివర వచ్చింది. అంత అందమైన మనిషిని ఆ దుమ్ముగదిలో చూసి ఫైళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నాయేమో!

"మినిట్స్ సిద్ధమా?"

"అచ్చుతప్పులు దిద్దుతున్నాను." తలుపు మూసి ఇన్‌స్పెక్షన్ రిజిస్టర్ అతని ముందు పెట్టింది.

ప్రతి బ్యాచ్‌కీ చివర బావ చేతిరాతలో ఒక్క మాట, కింద సంతకం. కొలిచాను. కొలిచాను. పేజీల నిండా అదే. ముప్పై ఎనిమిది దగ్గర మాట మారింది. చూశాను. ముప్పై తొమ్మిది, చూశాను. నలభై, చూశాను. తూకం వేలు ఆ మాట మీదే ఆగిపోయింది. నల్ల కారు ఆగిన నెల అదే.

నలభై ఒకటి దగ్గర మళ్ళీ 'కొలిచాను'. మంగళవారం, ఏడో నంబరు గేజ్‌తో.

తూకం జేబులోంచి రెండు కొసలున్న చిన్న ఉక్కు కడ్డీ తీశాడు. వాల్వు రంధ్రంలో ఒక కొస దూరాలి, రెండోది దూరకూడదు. రెండోదీ దూరిందంటే రంధ్రం వదులు, వాల్వు పేలుతుంది. కడ్డీ మీద ఏడు అని చెక్కి ఉంది.

"ఈ గేజ్‌ని సోమవారం కొలత సరిచూడ్డానికి క్యాలిబ్రేషన్ ల్యాబ్‌కి పంపారు. నిన్న సాయంత్రం నేనే వెళ్ళి తెచ్చాను. ఇదిగో చలాన్. ఊళ్ళోనే లేని గేజ్‌తో మంగళవారం ఎవరు కొలిచారు?"

"ఫోర్జరీ చేసినవాడు పాత పేజీల్లో మంచి మాట ఏరుకున్నాడన్నమాట."

"పక్క పేజీలోది కాపీ కొట్టి ఉంటే దొరికేవాడు కాదు. అతితెలివి."

ఆవిడ అతనికి దగ్గరగా వంగింది. "లారీ ఆపడానికి చలాన్, గేజ్ చాలు. రిజిస్టర్ నాకిచ్చేయండి, నా లాకర్లో పడి ఉంటుంది. ఇది బల్ల మీద పడితే మీ బావగారి మూడు 'చూశాను'లూ బయటపడతాయి."

"ఆ మూడు బ్యాచ్‌లూ ఇప్పుడెక్కడున్నాయి?"

"ఆస్పత్రుల్లో."

తూకానికి అక్క మొహం కళ్ళముందుకొచ్చింది. ఏ ఊళ్ళోనో, ఏ మంచం పక్కనో ఒక సిలిండర్ కూడా కనిపించింది. ఏడుపొచ్చింది. విగ్గు సర్దుకుని రిజిస్టర్‌ని చంకలో పెట్టుకున్నాడు.

"ఇది నా దగ్గరే ఉంటుంది."

ఆవిడ తలుపు తెరిచింది. ఎవరి మనిషో ఇంకా తేలలేదు.

బోర్డులో ముగ్గురే: నిద్రమొహం ఛైర్మన్, ఆయన మేనల్లుడు, తెల్ల గ్లవ్స్. తూకం వంతు వచ్చేసరికి పదకొండూ నలభై అయింది. లోడింగ్ దగ్గర తెచ్చిన వాల్వుని బల్ల మీద పెట్టి గేజ్ రెండో కొస తోశాడు. వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. రిజిస్టర్ తెరిచి నాలుగు బ్యాచ్‌లూ చూపించాడు, బావ పేరుతో సహా.

తెల్ల గ్లవ్స్ చప్పట్లు కొట్టాడు. గ్లవ్స్ కదా, చప్పుడు రాలేదు. "భయపడి సంతకాలు పెట్టిన ఒక ఉద్యోగి రాత పట్టుకుని ఆర్డర్ పోగొట్టుకుందామా? ఓటింగ్ పెట్టండి."

ఆయన చెయ్యెత్తాడు. మేనల్లుడు మామయ్య వంక చూడకుండా చెయ్యెత్తాడు. పదకొండూ యాభై ఆరు. కింద లారీ ఇంజన్ స్టార్టయింది.

"ఒక్క మాట," అంది సెక్రటరీ. "కోరం లేదు."

"ముగ్గురం ఉన్నాంగా?" అన్నాడు తెల్ల గ్లవ్స్.

"వాల్వులు మనకి అమ్మాలని కాచుకుని ఉన్న విదేశీ కంపెనీలో మీకు వాటా ఉంది. బోర్డుకి చెప్పలేదు. పత్రం ఇదిగో. ఈ అంశంలో మీరు లెక్కలోకి రారు. మిగిలింది ఇద్దరు. మన కంపెనీ నియమావళి ప్రకారం కోరానికి ముగ్గురు కావాలి. తీర్మానం చెల్లదు, గేట్ పాసూ చెల్లదు."

తెల్ల గ్లవ్స్ చేతిలో పిస్టల్ మెరిసింది. తూకం విసిరిన గేజ్ మణికట్టుకి తగిలేలోగా ఒక గుండు పేలనే పేలింది. పిస్టల్ కింద పడింది. ఛైర్మన్, ఎన్నేళ్ళకో నిద్ర లేచి, దాని మీద కాలు వేసి నిలబడ్డాడు.

సెక్రటరీ ఎర్ర కోటు ఒక పక్క ఇంకా ఎర్రగా అవుతోంది. తూకం ఫోన్‌లో గేటుకి అరిచాడు. "లారీ ఆపు! పాస్ చెల్లదు!"

"రాతపూర్వకంగా తెండి సార్," అన్నాడు వాచ్‌మన్. "నోటిమాట మీద ఆపితే నా ఉద్యోగం పోతుంది."

సెక్రటరీ నవ్వింది. "పాపం, ఈ కంపెనీలో రూల్ పాటించేది వాడొక్కడే." మినిట్స్ పుస్తకంలో రెండు లైన్లు గీకి సంతకం పెట్టింది. పేజీ చింపి ఇచ్చిన చెయ్యి మళ్ళీ లేవలేదు.

తూకం మూడంతస్తులు దూకుతూ దిగాడు. అడ్డకర్ర పైకి లేస్తోంది. లారీ ముందు చక్రాలు గీత మీదికొచ్చాయి. వాచ్‌మన్ కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తేదీ నుంచి సంతకం దాకా చదివి, అప్పుడు కర్ర దించాడు. బానెట్‌కీ ఆ కర్రకీ మధ్య జానెడు దూరం. పన్నెండింటి సైరన్ మోగింది.

సాయంత్రం అక్కకి అంతా చెప్పాడు. "మాట నిలబెట్టుకోలేకపోయానక్కా. బావ పేరు రేపు పేపర్లో వస్తుంది."

ఆవిడ స్టవ్ వంక చూసింది. "మూడుసార్లు చూశానన్నారు. నాలుగోసారి?"

"నాలుగోసారి రాయలేదు. గేజ్ లేకపోయినా ప్రెషర్ పెట్టి పరీక్షిద్దామని టెస్ట్ గదిలోకి వెళ్ళాడు."

"కొలవడానికి వెళ్ళి పోయారన్నమాట," అంది అక్క. "ఆ ముక్క కూడా పేపర్లో రాయించు."

వారం తిరిగాక పెద్దాయన ఫైలు మూయబోయి ఆగాడు. మూడు బ్యాచ్‌ల వాల్వులూ వెనక్కి వస్తున్నాయి, ఇంకా పదిహేడు రావాలి.

"తెల్ల గ్లవ్స్ జైల్లో ఉన్నాడు, ముఠా దొరికింది. 'ఫలితం సరిచూశారా' అన్న కాలమ్ ఖాళీగా వదిలేశావేమిట్రా?"

"ఇంకా కొలవలేదు సార్," అన్నాడు తూకం. "చూశానంతే."