పడవరేవులో మొక్కజొన్న సూప్

బడి వదిలాక మిచిరు, ఆమె స్నేహితురాలు కొతోనె పడవరేవు మీదుగా ఇంటికి వెళుతున్నారు. సముద్రపు గాలి చల్లగా కొడుతోంది. రేవులో, డబ్బులు వేస్తే వేడివీ చల్లటివీ డబ్బాలిచ్చే డ్రింక్స్ మెషీన్ ముందు ఒక విదేశీ ఆవిడ, ఆమె కొడుకు నిలబడి ఉన్నారు. ఆవిడ ఒక బటన్ మీద వేలు పెడుతోంది, నొక్కకుండానే తీసేస్తోంది.

"పాపం, మన అక్షరాలు చదవడం రాదనుకుంటా. వెళ్లి చెప్పవే, క్లాసులో ఇంగ్లీషు ఫస్టు నువ్వేగా," అంది కొతోనె.

మిచిరు తల ఎగరేసుకుంటూ ముందుకు నడిచింది.

ఆవిడ ముఖం వికసించింది. మొక్కజొన్న బొమ్మ ఉన్న డబ్బాను చూపించి గబగబా ఏదో అడిగింది. మిచిరుకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వెనక కొతోనె చూస్తోంది. తెలియలేదంటే పరువేం కావాలి?

"యెస్, యెస్," అంది నవ్వుతూ.

ఆవిడ బటన్ నొక్కింది. వేడి వేడి సూప్ డబ్బా దబ్బున మెషీన్ కింది అరలో పడింది.

ఏమడిగిందని కొతోనె ఆరా తీస్తే, రుచిగా ఉంటుందా అని అడిగిందంటూ మిచిరు చెప్పేసింది. కానీ మనసు కుదుటపడలేదు. కొంచెం దూరం వెళ్లి వెనక్కి తిరిగి చూసింది.

పిల్లవాడి బ్యాగుకు గుండ్రటి బిళ్ల వేలాడుతోంది. దాని మీద ఆవు బొమ్మ. ఆవుకు అడ్డంగా ఎర్ర గీత.

మిచిరు గుండె ఝల్లుమంది. వాళ్ల క్లాసులో ఒకమ్మాయికి గుడ్లు పడవు. ఆ అమ్మాయి బ్యాగుకూ గుడ్డు బొమ్మతో ఇలాంటి బిళ్లే ఉంటుంది. ఆ సూప్‌లో పాలుంటాయి!

పరుగున వెనక్కి వెళ్లింది. పిల్లవాడు అప్పుడే డబ్బా పెదవుల దగ్గర పెట్టుకున్నాడు. మిచిరు దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "మిల్క్, మిల్క్," అంది రొప్పుతూ.

తల్లి డబ్బా లాగేసుకుంది. కొడుకు నోరు తెరిపించి చూసింది. వాడింకా గుటక వేయలేదు. ఆవిడ వాణ్ణి గట్టిగా హత్తుకుంది.

మిచిరు కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచి, తన భాషలోనే చెప్పేసింది. "క్షమించండి. మీరడిగింది నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించాను."

ఆ మాటలు ఆవిడకు తెలియకపోయినా, మిచిరు ముఖం చూసి సంగతి గ్రహించినట్టుంది. మిచిరు భుజం మీద చెయ్యి వేసింది. కొతోనె కూడా వచ్చి పక్కన నిలబడింది.

పిల్లవాడు దాహమని మారాం చేశాడు. మిచిరు మెషీన్‌లో ఉన్న బార్లీ టీ చూపించి, "నో మిల్క్," అంది. ఆవిడ మళ్లీ ఏదో గబగబా అడిగింది. మిచిరు చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి కొతోనె వంక చూసి, గొంతు సవరించుకుంది.

"నాకు అర్థం కాలేదు. కొంచెం నెమ్మదిగా చెప్పండి," అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆవిడ ఈసారి మాటలు మానేసి, రెండు చేతులూ ముడుచుకుని గజగజ వణికినట్టు చేసి చూపించింది. చల్లగా ఉంటుందా అని అడుగుతోందన్నమాట! మిచిరు పకపకా నవ్వి, నీలం గీత ఉన్న బటన్ నొక్కితే చల్లటిది వస్తుందనీ, ఎర్ర గీత ఉన్నది నొక్కితే వేడిది వస్తుందనీ చేతులతోనే చెప్పింది. పిల్లవాడు మునివేళ్ల మీద లేచి, నీలం గీత ఉన్న బటన్ తనే నొక్కాడు.