నాలుగో మేకు

ఉదయం 8:12.

వాలు రోడ్డు చివర పంపుహౌస్ గోడ. ఆ గోడలోకి ముక్కు దూర్చి ఆగిపోయింది ఓ పాత కారు. బానెట్ తెరిచి ఉంది.

స్టీరింగ్ వెనక నుంచి బయటికి తీసిన మనిషి షెడ్డు అక్క. పాత కార్లు బాగుచేసే వర్క్‌షాప్ ఆమెది. ఊరంతా ఆమెను అలాగే పిలుస్తుంది. కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణం మాత్రం దక్కింది.

ఇన్‌స్పెక్టర్ ఇంజన్‌లోకి తొంగిచూశాడు. కార్బురేటర్ దగ్గర లావు రబ్బరు పైపు ఒకటి ఊడి వేలాడుతోంది.

"బ్రేక్ బూస్టర్ పైపు సార్ అది," అన్నాడు అక్క తమ్ముడు. వెనకే స్కూటర్ మీద వస్తూ, అందరికంటే ముందు చేరుకున్నది అతనే. "ఇంజన్ పీల్పుతోనే బ్రేకుకు బలం. అది ఊడితే బ్రేకు పడదు. నిన్న కార్బురేటర్ బిగించింది చెవి మేస్త్రి."

"బానెట్ తెరిచిందెవరు?"

"నేనే. మంట లేస్తుందేమోనని బ్యాటరీ వైరు పీకేశాను."

మహా చురుకైన తమ్ముడు.

8:50కి చెవి మేస్త్రిని ఇంటి దగ్గర పట్టుకొచ్చారు. ఇంజన్‌కి చెవి ఆనించి జబ్బు చెప్తాడని ఆ పేరు. అతని జేబులో ఉన్న షెడ్డు తాళంచెవి స్టేషన్లో తీసేసుకున్నారు.

"పైపు క్లిప్పు బిగించావా?"

"బిగించాను సార్... బిగించే ఉంటాను."

ఇరవై రెండేళ్ళ పనితనం మీద అతనికే నమ్మకం పోయింది.

11:20. ఆస్పత్రి. తమ్ముడు అక్క తల కింద దిండు సర్దుతున్నాడు. ఆ సేవ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

"మేస్త్రే నన్ను ముంచాడా?" అంది అక్క. "ఇవాళ షెడ్డు అతని పేర రాయడానికే బయల్దేరాను. ఇంకెవర్ని నమ్మను?"

"ఇంజన్ ఎలా నడిచింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చప్పుడు లేకుండా. సిగ్నల్ దగ్గర అసలు ఆన్‌లో ఉందా అని చూసుకున్నాను."

"బ్రేకు?"

"సిగ్నల్ దగ్గర బాగానే పడింది. మలుపులో కాస్త బిగిసింది. వాలులో రెండు కాళ్ళతో తొక్కినా రాయే."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

12:05. లాకప్.

"పైపు ఊడితే ఇంజన్ ఏం చేస్తుంది?"

"పైపు తొడిగే ముక్కు, అదే పోర్టు, తెరుచుకుంటుంది కదా సార్. బుస్సుమని గాలి లాగుతుంది. బండి వణికి చస్తుంది. అందుకే వాడని ప్రతి పోర్టుకీ రబ్బరు క్యాప్ పెడతాం. నాలుగు సైజులు. మర్చిపోకుండా ఎర్ర రంగులో ముంచి, బోర్డు మీద నాలుగు మేకులకు తగిలిస్తాం."

"ఈ బండి వణకలేదు."

మేస్త్రి చటుక్కున తలెత్తాడు. "అయితే ఎవరో మూసేశారు! పైపు పీకి, పోర్టుకు క్యాప్ పెట్టారు. బూస్టర్లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండు సార్లు బ్రేకు పడుతుంది. ఆ తర్వాత రాయే." అతను ఊచలు పట్టుకుని లేచాడు. "అంటే నేను బిగించాను సార్. నేను బిగించాను."

"ఆ లావు క్యాప్ ఎక్కడుంటుంది?"

"నాలుగో మేకుకు. కొత్తది. నిన్న సాయంత్రమే రంగులో ముంచి ఆరేశాను. ఒక్కసారి కూడా వాడలేదు."

సాయంత్రం 4:00. మళ్ళీ ఆస్పత్రి. వెంట మేస్త్రి. అతన్ని చూడగానే అక్క కళ్ళు మూసుకుంది.

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవర్లోని ఎర్ర క్యాప్‌ను బల్ల మీద పెట్టాడు.

"షెడ్డులో నాలుగో మేకుకే ఉంది."

"మరింకేం సార్?" అన్నాడు తమ్ముడు.

"లోపల పూర్తిగా ఆరని రంగులో పోర్టు అచ్చు పడింది. పోర్టు అంచుకు ఎర్ర రంగు అంటింది. ఉదయం ఈ క్యాప్ ఇంజన్ మీదే ఉంది. గోడను గుద్దాక, పైపు దానంతటదే ఊడినట్టు కనబడాలని ఎవరో దీన్ని పీకేశారు. బానెట్ తెరిచింది నువ్వొక్కడివే."

"నేను..."

"మేస్త్రి తాళంచెవి పొద్దుట్నుంచీ మా దగ్గరుంది. షెడ్డుకున్న రెండో తాళంచెవి కారు తాళాల గుత్తిలో ఉంటుంది. ఆ గుత్తి ఎక్కడ?"

తమ్ముడి చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. లోపల తాళాలు గలగలమన్నాయి.

అక్క కళ్ళు తెరిచింది.

"నువ్వా?"

"నేనుండగా షెడ్డు వీడికా?" అరిచాడు తమ్ముడు. "సొంత తమ్ముణ్ణి. నేను నీకు కనబళ్ళేదా?"

ఆమె పక్కనున్న నీళ్ళ గ్లాసును దూరంగా నెట్టింది. పొద్దుట్నుంచీ ఏ చేతి నీళ్ళు తాగిందో అప్పుడు తెలిసొచ్చింది.

"ఒక్కటే అంతుపట్టలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఏ కాలవలోనో పారేసి ఉంటే మేస్త్రే పోగొట్టాడనుకునేవాణ్ణి. ఎందుకు తెచ్చి తగిలించావు?"

తమ్ముడు బల్ల మీది క్యాప్‌ను వింతగా చూశాడు.

"వాడికీ తెలీదు," అంది అక్క. "అమ్మ పోయినప్పుడు వాడికి ఐదేళ్ళు. తీసిన వస్తువు తీసిన చోటే పెట్టాలని చెయ్యి పట్టుకుని నేర్పాను. నేను నేర్పినవాటిలో అదొక్కటే వాడికి ఒంటబట్టింది."

గోడవైపు తిరగబోయింది. విరిగిన కాలు తిరగనివ్వలేదు. తమ్ముణ్ణి బేడీలు వేసి తీసుకెళ్తుంటే, గుమ్మం దాటేదాకా చూస్తూనే ఉండాల్సి వచ్చింది.